నాలుగో మంచం, తొంభై ఆరు కిలోలు

మూడు గంటల ఐదు నిమిషాలకు ఆస్పత్రి మూడో అంతస్తులో డిటెక్టివు భూతద్దం లిఫ్టు దిగేసరికి ఇన్‌స్పెక్టర్ కేసు సగం మూసేసి కూర్చున్నాడు. మిగతా సగం మూయడానికి అతనికి కావలసింది ఒక్క సంతకం. ఆ సంతకం నాలుగున్నరకు పడుతుందని వరండాలో నిలబడ్డ కానిస్టేబులే ఆవిడతో చెప్పేశాడు. చెప్పకూడని సంగతి చెప్పానని తరవాత గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

భూతద్దం అన్నది ఆవిడ అసలు పేరు కాదు. ఇరవై రెండేళ్ళు మందుల షాపు నడిపి, డాక్టర్ల చీటీల్లో కోడిగీతలు చదివి చదివి కళ్ళు పదునెక్కిన మనిషి. షాపు కూతురికి అప్పజెప్పి డిటెక్టివు బోర్డు కట్టిన రోజున, వెక్కిరింతకని ఆ పేరు పెట్టినవాడు స్వయానా మరిది. ఆ మరిదే ఈ ఇన్‌స్పెక్టర్. వెక్కిరింత కాస్తా జనం నోళ్ళలో నాని చివరికి బోర్డు మీదకే ఎక్కింది. అప్పటినుంచీ ఏ కేసులో ఆవిడ కనబడినా అతను ఫైలు మూసి దగ్గరకు లాక్కుంటాడు.

కేసు సంగతి ఇదీ. వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్ళకు నాలుగైదు రోజులు నొప్పి తెలియకుండా చూసుకునే వార్డు అది. పన్నెండు మంచాలు. అక్కడ ఎక్కించే మందు మహా ఘాటైనది. తగినంత ఇస్తే నొప్పిని మరిపిస్తుంది, ఎక్కువైతే ఊపిరి తీసుకోవడం కూడా మరిపిస్తుంది. అందుకే మనిషి బరువును బట్టి కొలవాలి. ఆ కొలత చెప్పడానికి వార్డు ఫోన్లలో ఒక యాప్ పెట్టారు. బరువు కొడితే మందు ఎన్ని మిల్లీలీటర్లో చెబుతుంది. ఇద్దరు సిస్టర్లు రెండు ఫోన్లలో విడివిడిగా లెక్కించాలి. రెండు లెక్కలూ కలిస్తేనే మందు ఎక్కించాలి. ఇంత కట్టుదిట్టంగా ఉన్నా, మొన్న ఉదయం నాలుగో మంచం మీది ఆవిడకు, ముప్ఫై ఎనిమిది కిలోల రిటైరైన లైబ్రేరియన్‌కు, తొంభై ఆరు కిలోల మనిషికి సరిపోయే మందు ఎక్కింది. అరగంటలో ప్రాణం పోయింది.

మందు ఎక్కించింది పెద్ద సిస్టర్. పద్దెనిమిదేళ్ళుగా ఆ వార్డులోనే ఉన్న మనిషి. ఇప్పుడు మేట్రన్ గదిలో, తలుపు బయట కాపలాతో కూర్చుని ఉంది. ఆమె భర్త బస్సు డ్రైవరు. పొద్దున్నే డ్యూటీ యూనిఫారంలోనే భూతద్దం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కొలత గిన్నె కనబడకపోతే పిల్లలకు దగ్గుమందు కూడా పొయ్యని మనిషి తన భార్య అనీ, తప్పు ఎక్కడుందో పట్టి ఇవ్వమనీ అడిగాడు. ఆ మాట భూతద్దం మనసులో పడిపోయింది. మందులు కొలిచి బతికిన మనిషికి ఆ మాట విలువ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ స్టోర్ గదిలో మకాం పెట్టాడు. దుప్పట్ల బీరువా పక్కన బల్ల, బల్ల మీద రెండు ఫొటోలు. వదినను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదలో అతను ఎప్పుడూ లోటు చెయ్యడు.

"నువ్వు రాకుండా ఉంటావేమోనని ఆశపడ్డాను వదినా."

"ఆశపడటానికేం, పడు. ఆ ఫొటోలు ఇలా తే."

చనిపోయిన రోజున రెండు వార్డు ఫోన్ల తెరలకూ తీసిన ఫొటోలు అవి. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని ఆ యాప్ చివరి లెక్క ఒక్కటే దాచుకుంటుందట. ఒక ఫోన్లో పది గంటల పద్దెనిమిది నిమిషాలు, బరువు తొంభై ఆరు, మందు నాలుగు పాయింట్ ఎనిమిది. రెండో ఫోన్లో పది గంటల పంతొమ్మిది, అవే అంకెలు. పంతొమ్మిది దాటాక ఆ వార్డులో ఇంకెవరికీ లెక్క కట్టలేదు. ఆవిడకు ఊపిరి మందగించడంతో అందరూ ఆ మంచం చుట్టూనే ఉండిపోయారు.

తొంభై ఆరు ఎవరి బరువో ఇన్‌స్పెక్టర్ అప్పటికే కనుక్కున్నాడు. మూడో మంచం మీదున్న కలప డిపో యజమానిది. పెద్ద సిస్టర్ పరధ్యానంలో పక్క మంచం బరువు కొట్టింది. చిన్న సిస్టర్ లెక్క కట్టకుండా అక్క ఫోన్లో చూసి అదే దింపేసింది. అతని వాదన అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినంత సులువుగా ఉంది. దానికి తోడు, లైబ్రేరియన్ చనిపోవడానికి రెండు రోజుల ముందు పెద్ద సిస్టర్ తనను కసురుకుంటోందని కాగితం రాసి ఇచ్చింది. అది కూడా ఫైల్లో చేరింది. పరధ్యానమా, పగా అన్నది కోర్టు తేల్చుకుంటుందని అతని ధీమా.

అన్నీ ఇంత చక్కగా అమరడం భూతద్దానికి నచ్చలేదు. చిన్న సిస్టర్‌ను పిలిపించమంది.

చిన్న సిస్టర్‌కు ఇరవై ఆరేళ్ళుంటాయి. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళకింద నీలం చారలు. మొదటి ప్రశ్నకు నీళ్ళు నమిలింది, రెండోదానికి గోడ వైపు చూసింది. ముప్ఫై ఎనిమిదే కొట్టానంది. తెర మీద ముప్ఫై ఎనిమిది కళ్ళారా చూశానంది. మరి ఫోన్లో తొంభై ఆరు ఎలా వచ్చిందంటే మాత్రం తెలియదంది. అక్క లెక్క చూశావా అంటే, తన లెక్క అయ్యాకే చూశాననీ, రెండూ కలిశాయి గనక సంతకం పెట్టాననీ చెప్పింది.

"రెండు లెక్కల మధ్య నలభై సెకన్లు కూడా లేదు. ఆ కాస్త టైములో లెక్కేం కడతారు, చూసి రాశారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భూతద్దం చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. ఫోను చేతిలో ఉందనుకుని మొన్న చేసినట్టే చేసి చూపించమని చిన్న సిస్టర్‌తో చెప్పింది. ఆ అమ్మాయి బొటనవేలు గాలిలో మూడు నొక్కింది, ఎనిమిది నొక్కింది, పైకి లేచి ఇంకోటి నొక్కింది, ఆగింది. ఏడు సెకన్లు పట్టింది. నలభై సెకన్లలో ఐదుగురికి లెక్క కట్టొచ్చని భూతద్దం అంటే, మరిది మీసం కింద నవ్వుకున్నాడు.

అయితే ఆ వేలు పైకి లేచిన తీరు ఆవిడకు కాస్త తేడాగా అనిపించింది. పొద్దున తన ఫోన్లో అదే యాప్ దింపుకుని చూసినప్పుడు, బరువు కొట్టాక తన వేలు కిందకే వెళ్ళినట్టు గుర్తు. కంగారులో ఉన్న పిల్ల గాలిలో వేలు ఎటు తిప్పిందో దానికి సాక్ష్యమేమిటని ఆ ఆలోచన వదిలేసింది.

చిన్న సిస్టర్ లేవబోతూ ఆగింది. ఇన్‌స్పెక్టర్ వైపు చూడకుండా మాట్లాడింది.

"అక్కది చూసి రాశానని వాంగ్మూలం ఇస్తే నాకు సస్పెన్షన్‌తో సరిపోతుందన్నారండీ."

"ఇస్తావా?"

"నాలుగున్నరదాకా ఆలోచించుకోమన్నారు. మా ఇంట్లో కూడా ఇచ్చెయ్యమనే అంటున్నారు."

ఆ పిల్ల ఇచ్చేస్తుందని భూతద్దానికి అర్థమైంది. ఇవ్వకపోతే ఆశ్చర్యపోవాలి. కానీ ఆమె చెప్పింది అబద్ధమైతే ఇంత మొద్దుగా ఎందుకుంటుంది? అబద్ధం చెప్పేవాళ్ళు నమ్మేలా అల్లుకుని వస్తారు. ముప్ఫై ఎనిమిది కొడితే తొంభై ఆరు పడిందని చెప్పుకోవడం ఎవరి చెవిలోనూ దూరని మాట. అందుకే ఆవిడకు ఆ మాట మీద అనుమానం తగ్గి, మిగతా అన్నిటి మీదా పెరిగింది.

మూడూ ఇరవై ఐదుకు వార్డులోకి వెళ్ళింది. నాలుగో మంచం ఖాళీగా ఉంది. పరుపు తీసేసి ఇనప పట్టీలు వదిలేశారు. పక్కన సిరంజి పంపు, దాని వైరు చుట్టి పైన పెట్టారు. పంపులో తప్పు లేదని కంపెనీవాళ్ళు నిన్ననే రాసిచ్చారు. భూతద్దం పంపును వదిలి గోడ చూసింది. సిస్టర్ల బల్ల పైన, మనిషి కళ్ళ ఎత్తున, సున్నం రంగు ఒకచోట చదరంగా తెల్లగా ఉంది. నాలుగు మూలలా టేపు ఊడదీసిన మరకలు. ఏళ్ళ తరబడి అక్కడ ఏదో అతికించి ఉండాలి.

నేల తుడుస్తున్న ఆయాను అడిగింది. ఆయాకు ఎవరో అడగడమే కావాలి. అక్కడ బరువుల పట్టిక ఉండేదనీ, ఎన్ని కిలోలకు ఎంత మందో తాటికాయంత అక్షరాల్లో రాసుండేదనీ, పెద్దమ్మ దాన్ని చూడకుండానే చెప్పేసేదనీ చెప్పుకొచ్చింది. మూడు వారాల కింద కొత్త సీసాలొచ్చాయి. మందు అదే, ఘాటు వేరు. పాత పట్టిక పనికిరాదని కంప్యూటరు సారు వచ్చి పీకేసి, ఫోన్లో యాప్ పెట్టి వెళ్ళాడు. దాంతో పెద్ద సిస్టర్‌కు పద్దెనిమిదేళ్ళ చేతి అలవాటు కూడా పనికిరాకుండా పోయింది. అంకె చూడగానే ఇది ఎక్కువ, ఇది తక్కువ అని తోచే వీలు లేకుండా పోయింది.

"అప్పటినుంచీ మా వార్డే తిరగబడిందమ్మా" అంది ఆయా. "బక్కపలచనివాళ్ళు లేపినా లేవరు. లావుపాటివాళ్ళేమో రాత్రీ పగలూ మూలుగుడే. కలప డిపో ఆయన ఆ ఉదయం ఎంత గోల పెట్టాడనుకున్నారు."

భూతద్దం నవ్వింది గానీ, ఆ మాట ముల్లులా పట్టుకుంది. కలప డిపో ఆయనకు తొంభై ఆరు కిలోలకు తగిన మందు ఎక్కి ఉంటే గోల ఎందుకు పెట్టాడు? చార్టు చూద్దామంటే ఇన్‌స్పెక్టర్ స్వాధీనంలో ఉంది. వార్డు రిజిస్టరు కూడా పెట్టెలో పెట్టి తాళం వేశాడట. చావుకు సంబంధించిన ఒక్క పేజీ తప్ప ఆవిడకు చూపించేది లేదని స్టోర్ గదిలోనే తేల్చి చెప్పాడు.

పట్టిక పీకిన కంప్యూటరు సారు కోసం కబురు పెట్టారు. నున్నగా దువ్విన తల, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఒక ఫైలు. వచ్చీరాగానే యాప్ గురించి పొగడ్త మొదలుపెట్టాడు. తను స్వయంగా రెండు వందల లెక్కలు కట్టి చూశాడట, ఒక్కటీ తప్పలేదట. ఆ రెండు వందలూ ఫైల్లో ఉన్నాయి. భూతద్దం చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. యాప్ తయారుచేసినవాళ్ళలో నొప్పి వైద్యం తెలిసిన డాక్టరు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆ వివరం తెలియదన్నాడు. వార్డులో వాడే సిస్టర్లను ఎవరినైనా కూర్చోబెట్టి చూశారా అంది. వాళ్ళకు అరగంట క్లాసు చెప్పానన్నాడు. చెప్పడం వేరు, చూడటం వేరు అని ఆవిడ అంటే మొహం గంటు పెట్టుకున్నాడు. ఈ మనిషి ఏదో దాస్తున్నాడా, లేక దాచడానికి కూడా ఏమీ తెలియని మనిషా అన్నది ఆవిడకు అంతు చిక్కలేదు.

"అనుమానమైతే మీ కళ్ళముందే చేసి చూపిస్తాను" అని వార్డులో మిగిలిన ఒక్క ఫోనూ తెప్పించాడు. రెండోది పోలీసుల పెట్టెలో ఉంది. వార్డు ఫోన్లకు క్రిములు అంటకుండా జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. రోజుకో కవరు మారుస్తారు. కవరులోంచి తెర సరిగా కనబడదని అతను జిప్పు లాగి, ఫోను బయటికి తీసి, కవరు బల్ల మీద పడేశాడు.

ముప్ఫై ఎనిమిది కొట్టి, అంకెల కింద మూలనున్న టిక్కు నొక్కి, లెక్కించు అన్నచోట వేలు పెట్టాడు. ఒకటి పాయింట్ తొమ్మిది. సరిపోయింది. తొంభై ఆరు కొట్టాడు. నాలుగు పాయింట్ ఎనిమిది. అదీ సరిపోయింది. వరసగా పదకొండు బరువులు కొట్టించింది భూతద్దం. కాగితం మీద తను గుణించుకుంటూ పోయింది. ఒక్కటి తప్పితే ఒట్టు.

ఇన్‌స్పెక్టర్‌కు హుషారెక్కింది. వార్డు తూకం మీద తనే ఎక్కి నిలబడ్డాడు. నూట నాలుగు.

"నాది కూడా కొట్టండి. మా వదినకు తృప్తిగా ఉంటుంది."

కంప్యూటరు సారు కొట్టాడు. ఐదు పాయింట్ రెండు అని ఇన్‌స్పెక్టర్ పైకి చదివి, అంత మందుంటే తనకు ఇంట్లో ఎవరి మాటలూ వినిపించవన్నాడు. బరువు గురించి తోడికోడలు మొత్తుకునేది ఎందుకో ఇప్పుడు తెలిసిందని భూతద్దం బదులిచ్చింది. కానీ ఆ వేళాకోళంలో ఆవిడ మనసు లేదు. యాప్ తప్పు చెయ్యలేదు. తప్పు చెయ్యనిది యాప్ అయితే, చేసింది మనుషులే. బస్సు డ్రైవరుకు ఏం చెప్పాలో ఆవిడకు తోచలేదు.

మూడూ యాభై ఐదుకు చిన్న సిస్టర్ తలుపు దగ్గరకొచ్చి ఫోను కావాలంది. నాలుగింటికి మందుల వేళ. మొదటి మంచం ఆమె నొప్పితో అల్లాడుతోందట. పెద్ద సిస్టర్ బదులు పక్క వార్డు నుంచి ఒకామెను పంపారు, ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. కంప్యూటరు సారు అది ఇచ్చేశాడు. యాప్ నిర్దోషి అని తేలింది గనక భూతద్దం కూడా అడ్డు చెప్పలేదు. చిన్న సిస్టర్ జేబులోంచి కొత్త కవరు తీసి, ఫోను అందులో దూర్చి, జిప్పు లాక్కుంటూ వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. ఇంకా అరగంట ఉంది కదా అంటే, రాతపని ఉంటుందన్నాడు. నీకు మనిషిని పట్టుకోవడమే ముఖ్యం, తప్పును పట్టుకోవడం కాదని భూతద్దం అంది. అతనికి ఈసారి నిజంగానే కోపం వచ్చింది.

"చచ్చిపోయినావిడకు ఇద్దరు కొడుకులున్నారు వదినా. మా అమ్మను ఎవరు చంపారని నన్ను అడుగుతున్నారు. ఫోను చంపిందని చెప్పమంటావా?"

భూతద్దం బల్ల మీద పడున్న పాత కవరును చేతిలోకి తీసుకుని నలుపుతూ కూర్చుంది. మందుల షాపులో ఏళ్ళ తరబడి జిప్పు కవర్లలో మాత్రలు పోసి ఇచ్చిన చేతులవి, ఊరికే ఉండలేవు. తన ఫోను తీసి అందులో దూర్చింది. వార్డు ఫోనంత పొడుగే ఉంది. పైకంటా పోలేదు. కవరు ఒక వేలెడు పొట్టి. జిప్పు పెట్టాలంటే కింద అంచు ముడుచుకుని, దళసరి కుట్టు తెర అడుగు భాగాన అడ్డంగా కూర్చుంటోంది.

పాత ఫోన్లకు కొన్న కవర్లా ఇవి అని కంప్యూటరు సారును అడిగింది. కావచ్చు, కొనుగోళ్ళు తన పని కాదన్నాడు. ఆవిడ యాప్ తెరిచి బరువు గడి తాకింది. అంకెలు వచ్చాయి. వాటి కింద మూలన ఉండాల్సిన టిక్కు కుట్టు కిందకు పోయింది. ఎంత నొక్కినా పలకలేదు.

"వార్డులో ఈ టిక్కు ఎలా నొక్కుతారు?"

కంప్యూటరు సారు మొదటిసారి మాట తడుముకున్నాడు. కవరులో పెట్టి తను ఎన్నడూ చూడలేదు. గుమ్మంలో గుడ్డ పిండుతున్న ఆయా అందుకుంది. "అది పలకదమ్మా. అమ్మాయిలు అంకె కొట్టేసి, పైన ఉన్నది నొక్కేస్తారు."

చిన్న సిస్టర్ వేలు గాలిలో పైకి లేచింది అందుకే. భూతద్దం ముప్ఫై ఎనిమిది కొట్టి, టిక్కు జోలికి పోకుండా, పైనున్న లెక్కించు నొక్కింది. తెర మీద బరువు ముప్ఫై ఎనిమిదే కనబడుతోంది. దాని కింద మందు, మూడు పాయింట్ ఒకటి ఐదు.

ఆవిడ కాగితం మీద గుణించి చూసుకుంది. మూడు పాయింట్ ఒకటి ఐదు అరవై మూడు కిలోల లెక్క. అరవై మూడు ఆవిడ సొంత బరువు. పొద్దున ఇంట్లో యాప్ చూసినప్పుడు కొట్టింది. మళ్ళీ లెక్కించు నొక్కింది. ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. టిక్కు నొక్కకపోతే యాప్ కొత్త బరువును తెర మీద చూపిస్తుంది, లెక్క మాత్రం అంతకు ముందున్న బరువుకు కడుతుంది. కట్టేశాక తీరిగ్గా కొత్తదాన్ని దాచుకుంటుంది. అది తరవాత వచ్చే మనిషికి వెళుతుంది.

ఆవిడ వేలు చూపిస్తూ గబగబా చెప్పుకుపోయింది. ఇద్దరు సిస్టర్లూ వరసగా అవే మంచాలు చూస్తారు. ఇద్దరి ఫోన్లలోనూ చివరి బరువు మూడో మంచానిదే. ఇద్దరూ ముప్ఫై ఎనిమిదే కొట్టారు, ఇద్దరికీ తొంభై ఆరు లెక్కే వచ్చింది. ఫొటోల్లోని చివరి లెక్కలో పడింది యాప్ లెక్క కట్టిన బరువు, వాళ్ళు కొట్టిన బరువు కాదు. రెండు లెక్కలూ కలిశాయంటే సరైనవని నమ్మారు. ఎవరూ ఎవరిదీ చూసి రాయలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టాడు. ఫోను తన చేతిలోకి తీసుకుని రెండుసార్లు తనే నొక్కి చూసుకున్నాడు. కంప్యూటరు సారు ఫైలు గుండెకు హత్తుకుని గోడకు ఆనుకున్నాడు.

"మరి ఆ ఫోన్లో ఇప్పుడు ఎవరి బరువుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, యాప్ సంగతి ఇంకా పూర్తిగా బుర్రకెక్కక.

భూతద్దం అతని వైపు, అతని బెల్టు వైపు చూసింది. బల్ల మీది గడియారం నాలుగూ ఆరు చూపిస్తోంది.

ఆవిడ మోకాళ్ళ నొప్పుల సంగతి మరిచిపోయి పరిగెత్తింది. వరండా, రెండు తలుపులు, ఆయా తుడిచిన తడి నేల. మొదటి మంచం మీద ఒక దర్జీ పడుకుని ఉంది, నలభై ఒక్క కిలోల మనిషి. ఇంతసేపూ మూలిగిన గొంతు ఆగిపోయి మొహం ప్రశాంతంగా ఉంది. అంత ప్రశాంతత ఆవిడకు నచ్చలేదు. పంపు సన్నగా రొద పెడుతోంది. భూతద్దం దాని ఎర్ర మీట నొక్కేసింది. సిరంజిలో పావు వంతు కూడా మిగలలేదు.

"ఏం చేస్తున్నారు మీరు?" అంది చిన్న సిస్టర్.

"ఊపిరి చూడు. డాక్టర్ని పిలు. విరుగుడు మందు తీసుకురా."

చిన్న సిస్టర్ దర్జీ ఛాతీ మీద చెయ్యి వేసి లెక్కపెట్టింది. లెక్క చాలా నెమ్మదిగా సాగింది. తరవాత ఆ అమ్మాయి ఎంత వేగంగా కదిలిందో భూతద్దం కళ్ళు కూడా అందుకోలేకపోయాయి. డాక్టరు వచ్చాడు, విరుగుడు ఎక్కింది, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. పక్క వార్డు సిస్టరు మూలన నిలబడి, ఫోను ఒక్కటే ఉంది గనక తను తెర చూసి సంతకం పెట్టాననీ, బరువు నలభై ఒకటి అని స్పష్టంగా ఉందనీ ఎవరూ అడక్కుండానే చెబుతోంది. నాలుగూ పద్నాలుగుకు దర్జీ దగ్గి, కళ్ళు తెరిచి, మళ్ళీ నొప్పి అంటూ ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే చిన్న సిస్టర్ ఆమె ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి మళ్ళీ లెక్కపెట్టింది.

ఇన్‌స్పెక్టర్ మంచం కాళ్ళ దగ్గరున్న చార్టు తీసి చదివాడు. బరువు నలభై ఒకటి. మందు ఐదు పాయింట్ రెండు. ఆ అంకె అతను ఇంకో కాగితం చూసి పోల్చుకోనక్కర్లేదు.

"ఇది నా మందు వదినా" అన్నాడు. గొంతులో వేళాకోళం ఏ మూలా లేదు.

అతనే కానిస్టేబుల్ని పంపి తాళం తీయించాడు. వార్డు రిజిస్టరు వచ్చింది. భూతద్దం స్కేలు అడ్డం పెట్టి మూడు వారాల కింద నుంచి చూడటం మొదలుపెట్టింది. ఒక్కో వరసలో మంచం, బరువు, మందు, రెండు సంతకాలు. ఏ వరసలో చూసినా మందు పై వరస మనిషి బరువుకు సరిపోతోంది. ఒక విడతలో పన్నెండో మంచానిది తరవాతి విడతలో మొదటి మంచానికి. చాలామంది బరువులు దగ్గర దగ్గరవి కావడంతో ఏమీ తెలియలేదు. బక్కవాళ్ళు నిద్రపోయారు, లావువాళ్ళు మూలిగారు. అక్కడక్కడా వరస పక్కన ఎర్ర చుక్క ఉంది. ఆ చుక్క ఎందుకని అడిగితే, ఊపిరి ఆడక అత్యవసర వార్డుకు పంపినవాళ్ళని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ బలహీనత అనుకున్నారట. వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారని అడిగితే ఒక్కరూ రాలేదన్నాడు.

కాపలా తీసేసినట్టున్నారు, పెద్ద సిస్టర్ వార్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తెల్లబట్టలు నలిగిపోయి ఉన్నాయి. సంగతి వరండాలోనే ఎవరో చెప్పి ఉంటారు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, పొరపాటు జరిగిందనీ, ఆమె మీద కేసు ఉండదనీ, ఇక ఇంటికి వెళ్ళవచ్చనీ అన్నాడు. ఆమె భర్త కింద బస్సు స్టాండు దగ్గర ఎదురుచూస్తున్నాడని భూతద్దం కూడా చెప్పింది.

పెద్ద సిస్టర్ వినలేదు. నేరుగా బల్ల దగ్గరకు వచ్చి, స్కేలు పక్కకు జరిపి, ఎర్ర చుక్క ఉన్న వరస మీద వేలు పెట్టింది. వేలు అడ్డంగా జరిగి సంతకం దగ్గర ఆగింది. మళ్ళీ కిందకు దిగింది, ఇంకో చుక్క, ఇంకో సంతకం. పేజీ తిప్పింది.

"నొప్పి తగ్గిందా అని అందరినీ అడిగేదాన్ని" అంది. "వీళ్ళు ఐదుగురూ తగ్గిందమ్మా అన్నారు."